మిగిలిన 1,055 కార్డులు

మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి, వృద్ధుల వసతి గృహానికి వెళ్లిపోయే ముందు రోజు సాయంత్రం మా తలుపు తట్టారు. చేతుల్లో ఒకదాని మీద ఒకటిగా మూడు అట్టపెట్టెలు ఉన్నాయి. 1987 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ల ఫోటోలతో అచ్చు వేసి అమ్మే చిన్న అట్టలు. పెట్టెకు 36 ప్యాకెట్లు, ప్యాకెట్‌లో 17 కార్డులు, ఒక చూయింగ్ గమ్ బిళ్ల. ఒక్క ప్యాకెట్ కూడా విప్పలేదు. కూతురి కాలేజీ చదువుకు అక్కరకు వస్తాయని ఆ ఏడాదే కొని అటక మీద దాచారట. ఆ కూతురికి ఇప్పుడు నలభై దాటాయి. "ఇప్పుడు అమ్మితే వచ్చే డబ్బు నలుగురం కలిసి ఒక పూట భోజనం చేయడానికి సరిపోతుంది. అంతకంటే మీ అబ్బాయి విప్పుతుంటే చూడాలని ఉంది" అన్నారు.

ఆ రాత్రి మా హాల్లో దుప్పటి పరచుకుని కూర్చున్నాం. నేను, పదకొండేళ్ల మా అబ్బాయి, పెద్దాయన, ఆరు నెలలు ఉండి వెళ్దామని రాజమండ్రి నుంచి వచ్చిన మా మామయ్యగారు. మైనపు కాగితం మడత ఊడదీయగానే పాతబడిన చక్కెర వాసన గుప్పుమంది. గమ్ బిళ్ల ముట్టుకుంటే పెంకులా విరిగిపోయింది. దాన్ని ఆనుకుని ఇన్నాళ్లూ పడుకున్న కార్డు మీద గోధుమరంగు మరక. మిగతావి మాత్రం నిన్న అచ్చు వేసినట్టున్నాయి. చెక్క పలకలాంటి అంచు, మధ్యలో ఆటగాడి ఫోటో, పై మూలన జట్టు గుర్తు. పెద్దాయన మొదటి ఇరవై ప్యాకెట్ల వరకూ కూర్చుని, ఒక్కో పేరూ పైకి చదివి, లేచి వెళ్లారు. మిగతావి మేము మరో మూడు రాత్రులు విప్పాం.

మొత్తం 1,836 కార్డులు. ఆ ఏటి సెట్టులో, అంటే ఆ ఏడాది వేసిన వేర్వేరు కార్డుల వరసలో, ఉన్నవి 792. మాకు వాటిలో 781 దొరికాయి. సెట్టుకు 11 తగ్గాయి, చేతిలో 1,055 మిగిలాయి. ఆ మిగిలినవాటితో ఏం చేయాలన్న ప్రశ్న నన్ను దాదాపు ఏడాది పాటు వదల్లేదు.

చివరికి నేను చేరిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ప్యాకెట్ విప్పిన చేతికి ఇంకో పని కూడా అంటుకుంటుంది. అందులోంచి వచ్చిన కార్డులను విడదీసి, ఏది ఎవరికి కావాలో కనుక్కుని, అక్కడికి చేర్చే పని అది. అటక మీద దాచినా, మూటకట్టి అంతర్జాలంలో అమ్మినా, పెట్టెతో సహా దానం చేసినా ఆ పని పూర్తికాదు. ఇంకొకరి నెత్తికి మారుతుంది, అంతే.

విప్పడం తప్పా?

ముందుగా నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. మా ఆఫీసులో కార్డులు సేకరించే సహోద్యోగి ఒకరు విషయం విని నొచ్చుకున్నారు. "విప్పని పెట్టె ఒకటి తగ్గిందంటే మళ్లీ పుట్టదు. విప్పాక అందులో ఉండేది అందరి దగ్గరా ఉన్న అట్టముక్కలే. మీరు మూడు పెట్టెలను వెయ్యి అట్టముక్కలుగా మార్చారు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. పాత కార్డుల లోకంలో విప్పని ప్యాకెట్ వెల, దాని లోపల ఉండే కార్డుల వెల కంటే సాధారణంగా ఎక్కువే. లోపల ఏముందో తెలియకపోవడానికే ఆ ఎక్కువ ధర.

అయినా నాకు ఆ వాదన పూర్తిగా ఎక్కలేదు. ఈ ప్యాకెట్లు 40 సెంట్లకు ఒకటి చొప్పున పిల్లల కోసం అమ్మినవి. స్కూలు నుంచి ఇంటికి వెళ్తూ దారిలో చింపడానికి చేసినవి. మా మూడు పెట్టెల్లోని 1,836 ముఖాలనూ ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మనిషీ చూడలేదు. పెద్దాయన వాటిలో దాచింది కార్డులను కూడా కాదు, ఒక ఆశను. ఆ ఆశ ఫలించదని ఆయనకు తెలిసి కూడా చాలా ఏళ్లయింది. ఇక మూసి ఉంచడానికి కారణం ఏముంది?

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. పాతకాలపు సేకరణకర్తలు వింటేజ్ అనే మాటను సుమారు 1980కి ముందటి కార్డులకే వాడతారు. 1972 నాటి ప్యాకెట్ ఎవరైనా నా చేతిలో పెడితే విప్పడానికి నేను కూడా తటపటాయిస్తాను. కానీ ఒకవేళ విప్పితే, అందులో మిగిలినవాటి గురించి ఇంత మథనపడాల్సిన అవసరం ఉండదు. ఆ కాలం సెట్లను ఒక్కో నంబరు వెతికి పూర్తిచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. మూల నలిగినా, మరక పడినా, పేరు లేని ఆటగాడైనా తీసుకుంటారు. అసలు చిక్కంతా 1980ల చివరి నుంచి 1990ల మొదటి వరకు వచ్చిన కార్డులతోనే. వాటి వయసు నలభైకి దగ్గరపడింది, మనసుకు పాతవే, సంఖ్యలో మాత్రం సముద్రం.

దాచినవాటి కథ, పారేసినవాటి కథ

ఈ సముద్రం ఎలా పుట్టిందో చెబితే గానీ నా వాదన అర్థం కాదు. 1956లో పోటీదారు బోమన్‌ను కొనేశాక పాతికేళ్ల పాటు బేస్‌బాల్ కార్డుల వ్యాపారం దాదాపుగా టాప్స్ గుప్పిట్లోనే ఉంది. 1980లో కోర్టు తీర్పుతో ఆ గుప్పిట వదులైంది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు పోటీకి వచ్చాయి. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చాయి. అదే సమయంలో పాత కార్డులకు వేల డాలర్లు పలుకుతున్నాయన్న వార్తలు పత్రికల్లో మొదలయ్యాయి. పెద్దవాళ్లు పిల్లల పేరు చెప్పి పెట్టెలకు పెట్టెలు కొన్నారు. కంపెనీలు అచ్చు వేస్తూ పోయాయి. కొన్నవాళ్లందరూ భద్రంగా దాచారు. అందరూ దాచినది అరుదైనది ఎలా అవుతుంది?

దీనికి ఎదురుగా 1952 నాటి కథ ఉంది. ఆ ఏడాది టాప్స్ 407 కార్డుల సెట్టును విడతలుగా విడుదల చేసింది. చివరి విడత బజారుకు వచ్చేసరికి సీజన్ ముగింపుకు వచ్చి, పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదకు మళ్లింది. మిగిలిపోయిన పెట్టెలు గోదాములో చోటు ఆక్రమించాయి. ఆ సెట్టు రూపకర్తల్లో ఒకరైన సై బర్గర్ వాటిని తిరనాళ్లలో కారుచౌకగా అమ్మడానికి కూడా ప్రయత్నించారు. ఎవరూ తీసుకోలేదు. చివరికి 1960లో బల్లకట్టు మీదకు ఎక్కించి, మా న్యూజెర్సీ తీరం దాటించి అట్లాంటిక్‌లో పడేయించారు. ఈ సంగతి ఆయనే తర్వాతి కాలంలో చెప్పారు. మిక్కీ మ్యాంటిల్ అనే ఆటగాడి 311వ నంబరు కార్డు ఆ చివరి విడతలోనిదే. ఆ కార్డు కాపీ ఒకటి 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

వేసవిలో శాండీ హుక్ బీచికి వెళ్లినప్పుడల్లా మా అబ్బాయి నీళ్ల వైపు చూస్తూ "అక్కడేనా అమ్మా?" అని అడుగుతాడు. ఎక్కడో అక్కడే.

చాలామంది ఈ కథ నుంచి "పారేయకండి, ఎప్పుడో ఒకనాటికి కలిసొస్తుంది" అన్న పాఠం తీస్తారు. నాకు దీని అర్థం తలకిందులుగా తోస్తుంది. 1952 కార్డుకు ఆ ధర రావడానికి కారణం దాన్ని ఎవరో దాచడం ఒక్కటే కాదు. వేలమంది దాచకపోవడం అంతకంటే పెద్ద కారణం. అమ్మలు ఇల్లు సర్దుతూ పారేశారు, పిల్లలు ఆడి చింపేశారు, కంపెనీ సముద్రంలో ముంచింది. మా 1,055 కార్డులకు అలాంటి అదృష్టం పట్టాలంటే అమెరికాలోని అటకలన్నీ ఒకేసారి ఖాళీ కావాలి. అందులో మా వంతు మేము చేద్దాం అనుకోవడంలో ఏదో తర్కం ఉంది కానీ, ధర పెరగాలని పారేయడం నాకు నచ్చే కారణం కాదు.

ఆశ చావని వాళ్లు ఇంకో మాట అంటారు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న బ్యారీ బాండ్స్, మార్క్ మెక్‌గ్వైర్‌ల కార్డులు ఏరి గ్రేడింగ్‌కు, అంటే కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి మార్కులు వేసేవాళ్లకు, పంపమని. 1987 సెట్టులో వాళ్లిద్దరూ ఉన్నారు, నిజమే. మాకు బాండ్స్ కార్డులు మూడు వచ్చాయి. కానీ ఆ ఏటి కార్డు గ్రేడింగ్‌లో పదికి పది తెచ్చుకుంటేనే చెప్పుకోదగ్గ ధర పలుకుతుంది. మామూలు కార్డును పంపితే గ్రేడింగ్ రుసుమే దాని వెలను మించిపోతుంది. 2021 మార్చిలో పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ వచ్చిపడిన కార్డుల వెల్లువకు తట్టుకోలేక చాలా రకాల సేవలను కొంతకాలం ఆపేసింది. ఆ వెల్లువలో ఎంతమంది తమ అటక మీది ఆశను పోస్టు చేశారో అనిపిస్తుంది. మా మూడు బాండ్స్ కార్డుల్లో ఒకటి సెట్టులోకి వెళ్లింది. రెండింటిని మా అబ్బాయి స్నేహితులు పట్టుకెళ్లారు.

పెట్టెతో సహా ఇచ్చేయడం

ఇక నేను చేసిన పొరపాటు. నాకు మొదట తోచిన ఉపాయం దానం. 400 కార్డులను ఒక అట్టపెట్టెలో సర్ది, స్కూలు అయ్యాక పిల్లలను చూసుకునే ఒక కేంద్రానికి ఇచ్చి వచ్చాను. ఇచ్చి వస్తుంటే మనసు తేలికైంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తేలికదనాన్ని చూసే నేను అనుమానపడాల్సింది.

మూడు వారాల తర్వాత ఆ కేంద్రం నడిపే ఆవిడ ఫోను చేసి, వచ్చి పెట్టె తీసుకువెళ్లమన్నారు. మర్యాదగానే చెప్పారు. పిల్లలు మొదటి రోజు ఎగబడ్డారట. తెలిసిన పేరు ఉందేమోనని వెతికారట. ఎనిమిదేళ్ల పిల్లలకు 1986లో ఆడిన వాళ్ల పేర్లు ఎలా తెలుస్తాయి? రెండో రోజుకు కార్డులు బల్లల కింద, మూడో రోజుకు చీపురు ముందు. "పిల్లలకు ఇవ్వడమంటే పిల్లల ముందు కుమ్మరించడం కాదండీ. మాకు వీటిని ఏరి సర్దే మనుషులు లేరు" అన్నారావిడ. ఆ మాట నన్ను గట్టిగానే తాకింది. నా ఇంట్లో చోటు ఖాళీ కావడం కోసం ఆమె గదిలో చోటు వాడుకున్నాను. దానికి దానమని పేరు పెట్టుకున్నాను.

కార్డుల దుకాణానికి కూడా వెళ్లాను. యజమాని నా పెట్టె తెరవకుండానే నవ్వి, నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. నేల నుంచి పైకప్పు దాకా అవే తెల్లటి పొడుగు పెట్టెలు, ఒక్కోదాంట్లో వేల కార్డులు, వాటి మీద పెన్నుతో రాసిన ఏళ్లు. 87, 88, 89, 90. "ఊరికే ఇచ్చినా తీసుకోను. కోపం తెచ్చుకోకండి. చనిపోయినవాళ్ల పిల్లలు ప్రతి వారం ఇవే తెస్తారు" అన్నారు. కోపం రాలేదు. ఆ గదిలో నిలబడ్డప్పుడు నాకు కలిగింది భయం. పక్కింటి పెద్దాయన అటక నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి ఈ గదికి, ఇక్కడి నుంచి ఇంకెక్కడికో. అట్టపెట్టెలు చేతులు మారుతాయి, లోపలి కార్డును ఎవరూ చూడరు.

గూళ్లు

దారి చూపింది మా మామయ్యగారు. ఆయనకు బేస్‌బాల్ గురించి ఒక్క ముక్క తెలియదు. ఆయన ఉద్యోగమంతా ఆర్ఎంఎస్‌లో, అంటే రైలు తపాలాలో గడిచింది. రాత్రంతా కదిలే బండిలో నిలబడి ఉత్తరాలను ఊళ్లవారీగా గూళ్లలో వేయడమే ఆయన పని. కేంద్రం నుంచి వెనక్కి వచ్చిన పెట్టెను నేను విసుగ్గా బల్ల మీద పెడితే ఆయన ఒక కార్డు తీసి, పై మూలనున్న గుర్తు చూపించి, "ఇదేమిటమ్మా?" అని అడిగారు. జట్టు గుర్తు అన్నాను. "ఎన్ని జట్లు?" అప్పట్లో 26. "అయితే 26 గూళ్లు కావాలి" అని లేచి, వంటగదిలోంచి ఖాళీ డబ్బాలు, చెప్పుల పెట్టెలు పోగుచేయడం మొదలుపెట్టారు.

రెండు మధ్యాహ్నాల్లో ఆయన 1,055 కార్డులనూ విడదీశారు. పేరు చదవరు, ముఖం చూడరు, గుర్తు చూస్తారు, చేయి దానంతట అదే సరైన డబ్బా మీదకు పోతుంది. ఏ జట్టుకూ చెందని, సెట్టులోని కార్డుల జాబితా మాత్రమే ఉన్న పట్టికల కార్డులు కొన్ని వచ్చాయి. వాటికి విడిగా ఒక డబ్బా పెట్టి, చిరునామా లేని ఉత్తరాలని పేరు పెట్టారు. మా అబ్బాయి ఆయన పక్కనే కూర్చుని ఆ వేగం నేర్చుకోవాలని చూశాడు. "తొందరపడకు నాన్నా, తప్పు గూట్లో పడ్డ ఉత్తరం వారం రోజులు తిరుగుతుంది" అని రెండు మూడు సార్లు చెప్పారు.

విడదీయడం పూర్తయ్యేసరికి నా ప్రశ్న మారిపోయింది. వెయ్యి కార్డులు ఏం చేయాలి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు కార్డులు ముప్పై ఎనిమిది ఉన్నాయి, ఎవరికి కావాలి అన్నదానికి వెంటనే ఒక ముఖం గుర్తొచ్చింది. మా ఆఫీసులో మాంట్రియల్‌లో పెరిగినతను ఒకరున్నారు. ఆ జట్టు ఇప్పుడు లేదు. 1969లో పుట్టి, 2004 సీజన్ తర్వాత వాషింగ్టన్‌కు తరలిపోయి పేరే మార్చుకుంది. కట్టకు రబ్బరు బ్యాండు వేసి అతని బల్ల మీద పెట్టాను. భోజనం వేళకు చూస్తే తన ముందు అన్నీ వరసగా పరచుకుని కూర్చున్నారు. టిమ్ రెయిన్స్ కార్డు విడిగా తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన ఆటను నాన్నతో కలిసి స్టేడియంలో చూశారట. ఆ ముప్పై ఎనిమిదింటికీ బజారులో ఒక డాలరు కూడా రాదు.

ఆ రోజు తర్వాత పని తనంతట తానే సాగింది. అన్నీ చెప్పను. సెట్టులో తగ్గిన 11 కార్డుల కోసం ఒహాయోలో ఉన్న ఒక సేకరణకర్తతో ఉత్తరాలు నడిపాం. ఆయన 11 పంపారు, ఆయనకు కావలసిన 23 మేము పంపాం. ఒక ఉపాధ్యాయురాలు లెక్కల పాఠానికి న్యూయార్క్ యాంకీస్ జట్టు కట్ట అడిగారు. కార్డు వెనక బూడిదరంగు అట్ట మీద ఆటగాడి ఏటేటి లెక్కలు ఉంటాయి. ఆ జట్టు ఆటగాడు డాన్ మాటింగ్లీ 1986లో 677 సార్లు బ్యాటు పట్టి 238 హిట్లు కొట్టాడు. భాగించి చూడు, 0.352 వస్తుంది. కార్డు మీదున్న సగటుతో సరిపోయిందా? పుస్తకంలో లెక్క తప్పించుకునే మా అబ్బాయి అట్ట వెనక లెక్కను కాగితం మీద చేసి చూసుకోవడం నా కళ్లతో చూశాను. హాలోవీన్ రాత్రి మిఠాయితో పాటు, ఊరికి దగ్గరున్న జట్లవి పదేసి కార్డుల కట్టలు ఇచ్చాం. పది అంటే పిల్లవాడు మెట్ల మీదే కూర్చుని చూసుకోగలిగినన్ని. ఆ కేంద్రానికి కూడా మళ్లీ వెళ్లాను. ఈసారి చేతిలో ఉన్నవి అరవై కార్డులే. ఆరుగురు పిల్లలకు పదేసి. పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే ఆటగాళ్లను వెతకమని ఆట పెట్టాను. ఆవిడ పెట్టె వెనక్కి ఇవ్వలేదు.

విశ్రాంత ఆటగాళ్లకు రాయడం ఇంకో దారి. ఈ దేశంలో ఇది పాత అలవాటు. ఉత్తరంతో పాటు కార్డు, మన చిరునామా రాసి స్టాంపు అంటించిన ఖాళీ కవరు పెట్టి పంపితే, ఇష్టమున్నవాళ్లు సంతకం చేసి తిప్పి పంపుతారు. పేరు మోసినవాళ్లను వదిలేసి, రెండు మూడేళ్లు మాత్రమే ఆడినవాళ్లను ఏరుకున్నాం. మా అబ్బాయి ఎనిమిది ఉత్తరాలు రాశాడు. రెండేసి కార్డులు పెట్టి, ఒకటి మీరు ఉంచుకోండి అని రాశాడు. ఐదు తిరిగొచ్చాయి. ఒకాయన రెండు కార్డుల మీదా సంతకం చేసి, తన దగ్గర ఇవి చాలానే ఉన్నాయనీ, అడిగేవాళ్లే తక్కువనీ చిన్న చీటీ పెట్టారు. ఆ చీటీ మా ఫ్రిజ్ మీద ఉంది.

కాగితానికి కాలు తగలడం

ఒక విషయంలో మాత్రం మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. గమ్ మరకలు, మైనం మరకలు పడి, మూలలు విరిగినవి డెబ్బై దాకా తేలాయి. మా అబ్బాయి స్నేహితుడు ఒకడు వాళ్ల తాత చిన్నప్పుడు చేసినట్టు, కార్డును బట్టల క్లిప్పుతో సైకిలు చక్రం పుల్లల దగ్గర బిగించాడు. చక్రం తిరుగుతుంటే మోటారు సైకిలులా టపటపమని చప్పుడు. పిల్లలు వీధంతా తిరిగారు. నాకు ముచ్చటేసింది. మామయ్యగారికి ప్రాణం ఒప్పలేదు. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి ఆయన. అందులోనూ దాని మీద మనిషి ముఖం ఉంది, పేరు ఉంది, వెనక రాత ఉంది. "మీరు చిన్నప్పుడు సిగరెట్ పెట్టెలు నేల మీద వేసి ఆడేవారు కదా?" అని అడిగాను. "వాటి మీద మనుషులు లేరమ్మా" అన్నారు.

నేను దానికి ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను. నాకు గుర్తొచ్చేది జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్‌లో ఒక ఎలక్ట్రిక్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన ఒంటరి మనిషి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. ఎవరూ విలువ ఇవ్వని సిగరెట్ కార్డులు, గమ్ కార్డులు, ప్రకటన కాగితాలు జీవితాంతం పోగుచేశారు. వాటికి నంబర్లు వేసి జాబితా అచ్చు వేశారు. ఒక పాత సిగరెట్ కార్డుల సెట్టును ఈ రోజు సేకరణకర్తలందరూ పిలిచే టీ206 అన్న పేరు ఆయన జాబితాలోనిదే. మొత్తం మూడు లక్షలకు పైగా కాగితాలు, వాటిలో ముప్పై వేలకు మించిన బేస్‌బాల్ కార్డులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఊరికే ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. మ్యూజియంలో కూర్చుని, ఆ వంకర వేళ్లతోనే ఏళ్ల తరబడి వాటిని వరసగా ఆల్బముల్లో అంటించారు. 1963 జనవరిలో పని ముగించి, మార్చిలో కన్నుమూశారు.

జిగురు పెట్టి అంటించిన కార్డు నేటి బజారు లెక్కలో పాడైపోయిన కార్డు. ఆయనకు ఆ లెక్క లేదు. చూడాలనుకున్నవాడికి వరసలో దొరకాలి, అంతే. బర్డిక్ ఉదాహరణ నన్ను రెండు వైపులకూ లాగుతుంది. ఈ రోజు చెత్త అనుకున్నది రేపు మ్యూజియంలో ఉండొచ్చు కాబట్టి ఏదీ పారేయకూడదని ఒక వైపు. ఆయన ప్రతి రకానికీ ఒకటి ఉంచాలని చూశారు గానీ, ఒకే కార్డును వెయ్యి సార్లు దాచలేదని ఇంకో వైపు. ఒక పూర్తి సెట్టు మా ఇంట్లో ఉంది, తొమ్మిది జేబుల ప్లాస్టిక్ కాగితాల్లో నంబరు ప్రకారం. ఆ సెట్టును ఎవరికీ ఇవ్వం. అది ఉంది కాబట్టే మరకపడ్డ కార్డు సైకిలు చక్రంలో చప్పుడు చేసినా నా మనసు ఒప్పుకుంటోంది. మామయ్యగారి మనసు ఒప్పుకోలేదు. ఆ డెబ్బైలో సైకిళ్లకు పోగా మిగిలిన నలభైని పాత పేపర్ల డబ్బాలో వేయబోతే ఆయన ఆపి, వాటిని తన పుస్తకాలకు గుర్తుకాగితాలుగా ఉంచుకుంటానన్నారు. రాజమండ్రి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకున్నారు కూడా. గోదావరి ఒడ్డున ఒక ఇంట్లో, భాగవతం పేజీల మధ్య 1987 నాటి చికాగో ఆటగాడు ఒకడు ఉన్నాడు.

"ఇంత శ్రమ దేనికి? రెండు కిలోల లోపు అట్ట. పాత కాగితాల బండిలో వేస్తే పది నిమిషాల పని" అని మావారు ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లవాడు ఉన్న మనిషి వెయ్యి అట్టముక్కల వెనక ఏడాది తిరగడం అందరికీ సాధ్యం కాదు. అలాంటివాళ్లు నన్ను అడిగితే నేను చెప్పేది, విప్పడం తగ్గించుకోండి అని. ఒక్క పెట్టె విప్పండి. అందులో మిగిలినవి ఇద్దరు ముగ్గురికి చేరాకే రెండోది. ప్యాకెట్ చింపే సంతోషం రెండు నిమిషాలది, ఆ వెనక వచ్చే పని ఎంతదో ఎవరూ ముందుగా చెప్పరు. నాకు కూడా మొదటే తెలిసి ఉంటే, ఆ నాలుగు రాత్రులను మూడు నెలలుగా సాగదీసి ఉండేదాన్ని.

మెట్స్ కట్ట

26 డబ్బాల్లో ఒకదాన్ని మేము ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాం. పక్కింటి పెద్దాయన న్యూయార్క్ మెట్స్ అభిమాని. 1987 కార్డులంటే 1986లో గెలిచిన జట్టు. బేస్‌బాల్‌లో తుది పోటీ అయిన ప్రపంచ సిరీస్‌ను మెట్స్ నెగ్గిన ఏడాది. నలభై నాలుగు కార్డులు కట్టగట్టుకుని ఒక ఆదివారం ఆయన ఉండే వసతి గృహానికి వెళ్లాం. ఆయన చిక్కిపోయారు. అబ్బాయిని గుర్తుపట్టి, నన్ను పట్టడానికి కాస్త సమయం తీసుకున్నారు. కార్డులు మాత్రం ఒక్కోటి చూస్తూ పేర్లు చదవకుండానే చెప్పారు. కార్టర్, హెర్నాండెజ్, గూడెన్, మూకీ విల్సన్.

కట్ట అయిపోయాక తల ఎత్తి, "బక్నర్ లేడా?" అని అడిగారు.

బిల్ బక్నర్ మెట్స్ ఆటగాడు కాదు. అవతలి జట్టు, బోస్టన్ రెడ్ సాక్స్. 1986 అక్టోబరు 25న ఆ సిరీస్ ఆరో ఆటలో మూకీ విల్సన్ కొట్టిన బంతి బక్నర్ కాళ్ల మధ్య నుంచి పోయింది. మెట్స్ ఆ ఆట, రెండు రోజుల తర్వాత సిరీస్ గెలిచింది. ఆ ఒక్క బంతికి బక్నర్‌ను ఏళ్ల తరబడి తిట్టారు. ఆయన 2019లో పోయారు.

"ఆ రాత్రి నేను స్టేడియంలో ఉన్నాను. మేము కుర్చీల మీదకెక్కి గంతులు వేశాం. అతను అలా మైదానం దాటి నడిచి వెళ్లిపోవడం చూశాను. అప్పుడు పట్టించుకోలేదు" అన్నారు పెద్దాయన.

ఇంటికి వచ్చి బోస్టన్ డబ్బా వెతికాం. బక్నర్ కార్డులు రెండున్నాయి. ఒకటి చెక్కుచెదరనిది, ఇంకోదానికి గమ్ మరక. తర్వాతి ఆదివారం మా అబ్బాయి రెండూ ఆయన ముందు పెట్టి, ఏది కావాలో తీసుకోమన్నాడు. ఆయన మరక ఉన్నదాన్ని తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, వెనక్కి తిప్పి లెక్కలు చదవడం మొదలుపెట్టారు. రెండోదాన్ని మా అబ్బాయికి తిరిగి ఇస్తూ, "దీన్ని బోస్టన్ వాడెవడికైనా ఇవ్వు" అన్నారు. బోస్టన్ పిల్లవాడు ఒకడు మా వాడి తరగతిలోకి కొత్తగా వచ్చాడు. సోమవారం ఆ కార్డు బడి సంచిలో వెళ్లింది.